ఉడకబెట్టిన స్పాంజి

మార్చి 17, 1992

పొద్దున చుక్కలు వేశాను. మధ్యాహ్నం వేశాను. సాయంత్రం వేశాను. వేశానా? వేశాను. సీసా మూత తడిగా ఉంది.

ఈ డైరీ ఎరువుల దుకాణం వాళ్లు మా పసుపు అడ్తి దుకాణానికి ఇచ్చింది. ముకుంద్ తెచ్చి నా చేతిలో పెట్టాడు. "అమ్మా, నాయిన కంట్ల మందు ఏసినప్పుడల్ల గిండ్ల రాసుకో. లేకుంటే ఏసిన్నా లేదా అని ఇల్లంత తిరుగుతవ్" అన్నాడు. కొడుకు తల్లిని మరీ అంత బాగా తెలుసుకోకూడదు. ధర్పల్లిలో మూడో తరగతి దాకా చదివాను. ఒత్తులు తప్పుతాయి. తప్పితే తప్పాయి, కంటి చుక్కలకు ఒత్తులెందుకు.

మార్చి 18

చుక్కలు మూడుసార్లు.

ఆయన మంచం ముందుగదిలోకి మార్చాం, చేపల గాజు డబ్బా పక్కకు. ఆయనే అడిగారు. కుడికంటికి ఆపరేషన్ అయింది, ఎడమకంటికి వెలుగూ చీకటీ తప్ప తెలియదు. కళ్లద్దాలు వచ్చేదాకా రెండు కళ్లూ ఒక్కటే. వంగొద్దు, గట్టిగా దగ్గొద్దు, తల మీద నీళ్లు పోసుకోవద్దు, బీపీ పెరగొద్దు. నిజామాబాద్ డాక్టర్ చెప్పినవన్నీ వంటింటి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాను. విజయలక్ష్మి చూసి "అత్తమ్మా, మొన్ననే సున్నం ఏపిచ్చినం గదా" అంది. సున్నం మళ్లీ వేయొచ్చు. కన్ను మళ్లీ వస్తుందా?

ఇంత చేస్తుంటే పొద్దున లేవగానే ఆయన అడిగేది, "చేపలకు తిండి ఏసినవానే?" అని. నువ్వు తిన్నావా అని కాదు.

మార్చి 20

ఆయన అడ్తి దుకాణం ముకుంద్‌కు అప్పజెప్పాక ఈ చేపలు పట్టుకున్నారు. చేపలు కొన్నాక కూడా మార్కెట్ వదల్లేదు. లావుపాటి బంగారు చేప పేరు సాంగ్లీ సేఠ్, అక్కడి నుంచి పసుపు కొనడానికి వచ్చే సేఠ్ లాగే బుగ్గలు ఉబ్బించుకుని తిరుగుతుందట. నల్లది దలాలి, ఎక్కడ ఏం జరిగినా మధ్యలో దూరుతుంది. చిన్న ఎర్రవి రెండూ పెద్దులు, సాయిలు. మా దుకాణం హమాలీలు. వాళ్లిద్దరూ అట్లాగే, ఒకరు లేకుండా ఒకరు కనపడరు.

నాకు మాత్రం బతికున్న మనిషి పేరు చేపకు పెట్టడం నచ్చలేదు. అప్పుడే చెప్పాను. నా మాట ఎవరు వింటారు?

ముకుంద్ హైదరాబాద్ నుంచి కొత్త ఫిల్టర్ తెచ్చాడు. పెద్ద స్పాంజిది. పాతదాని పని అయిపోయిందట. ఆయన అన్నారు, "అద్దాలొచ్చినంక నేనే పెడ్త. పాతదీ కొత్తదీ రెండు కలిపి కొన్నొద్దులు నడపాలె. నువ్వు ముట్టకు." ముట్టను అన్నాను. నాకేం పని.

మార్చి 24

చుక్కలు మూడుసార్లు.

పసుపు దిగుతోంది. పొద్దుందాకా మన ఇంటి ముందు బండ్లే. కొమ్ములు కుప్ప పోసిన చప్పుడు, హమాలీల అరుపులు, తలుపు వేసినా లోపలికి దుమ్ము. పప్పులో పసుపు వేయాల్సిన పని లేదు. చేపల డబ్బా నీళ్ల మీద కూడా పసుప్పచ్చని పొర. పాత స్పాంజి గోధుమరంగుకు తిరిగి జిగటగా వేలాడుతోంది. చూస్తే నాకు ఊపిరి ఆడలేదు. ఆ మురికిలోంచే కదా వాటికి నీళ్లు వచ్చేది.

ఆయనతో చెప్పాను. "గది మురికి కాదే, గట్లనే ఉంటది" అన్నారు.

మగవాళ్లకు ఏదీ మురికి కాదు.

మార్చి 26

ముట్టలేదు.

మార్చి 29

ముట్టలేదు. మూత తీసి చూశాను, అంతే. చూడొద్దని ఎవరూ అనలేదు.

కరెంట్ పోయినప్పుడల్లా గాలి మోటారు ఆగిపోతుంది. అప్పుడు చెంబుతో నీళ్లు తీసి ఎత్తు నుంచి పోస్తున్నాను, బుడగలు రావాలని. సేఠ్ సరిగ్గా ధార కిందికే వచ్చి నిలబడతాడు, జలకం పోస్తున్నానని.

ఏప్రిల్ 1

ఉగాది దగ్గరికొచ్చింది. ఇల్లంతా దులిపాం, కడిగాం. ముకుంద్ ఆయన్ని డాక్టర్‌కు చూపించడానికి నిజామాబాద్ తీసుకుపోయాడు. విజయలక్ష్మి మేడ మీద పరుపులు ఎండేస్తోంది. ఇల్లంతా తళతళలాడుతుంటే ఆ ఒక్క డబ్బా అట్లా ఉంది.

చేపల్ని బకెట్లోకి తీశాను. నీళ్లన్నీ పారబోశాను. గులకరాళ్లు ఉప్పు వేసి తోమాను. అద్దం తోమాను. అన్నీ కొత్త నీళ్లు పోశాను.

పాత స్పాంజిని ఉడకబెట్టాను.

మా తల్లిగారింట్లో పసుపు పండేది. తవ్విన పసుపు పచ్చిగా నిలవదు, మొలకెత్తుతుంది, లేదా కుళ్లుతుంది. కడాయిలో వేసి నురుగు పొంగి వాసన మారేదాకా ఉడకబెట్టి, ఎండబోస్తే ఏళ్లకేళ్లు నిలుస్తుంది. ఉడికింది చెడదు అనేది మా అమ్మ. నేను ఏది ఉడకబెట్టినా చెడలేదు ఇంతవరకు. అందుకని స్పాంజిని రాగిగిన్నెలో వేసి నురుగు పొంగేదాకా ఉడికించి, ఎండలో ఆరేశాను. నీళ్లు పచ్చగా, చిక్కగా దిగాయి. మనసు నిమ్మళించింది. ఎంత మురికి పీల్చుకుందో!

తర్వాత ఆయన చెప్పినట్టే పాతదీ కొత్తదీ రెండూ పెట్టాను. శుభ్రం చేసి పెట్టాను, అంతే తేడా.

ఆయన వచ్చి మంచం మీద కూర్చోగానే చెవి అటు పెట్టారు. "చప్పుడు మారిందేందే? బుడగలు ఎక్కువొస్తున్నయ్."

"మీరు చెప్పినట్టే రెండు పెట్టిన."

"ముట్టకుమంటి గదనే."

"ఉగాది గదా."

ఆయన మళ్లీ చెవి అటు పెట్టారు. తర్వాత, "పాతదాన్ని కడగలే గద?" అన్నారు.

"కడగలే" అన్నాను.

కడగలేదు. ఉడకబెట్టాను.

చుక్కలు మూడుసార్లు.

ఏప్రిల్ 4

ఉగాది. నీళ్లు అద్దంలో అద్దంలా ఉన్నాయి. వీధిలో వాళ్లు వచ్చి చూసి పోయారు. ఎదురింటి వాహబ్ ఫోటో స్టూడియోలో కూడా డబ్బా ఉంది, ఫోటోకు వచ్చినవాళ్లు కూర్చునే దగ్గర. అది మన దాని ముందు బురదగుంట.

పొద్దున్నే ఆయన హాజరు పిలిపించుకుంటారు ఇప్పుడు. నేను చెప్పాలి. "సేఠ్ ఉన్నడు. దలాలి ఉన్నడు. పెద్దులు ఉన్నడు. సాయిలు ఉన్నడు." ఆయన మంచం మీదనుంచి "హా" అంటారు ఒక్కొక్కదానికి.

అంతా బాగుంది. బాగుందని రాస్తే దిష్టి తగులుతుందేమో. కొట్టేయను, ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయి.

ఏప్రిల్ 7

నీళ్లు బియ్యం కడిగినట్టు అయ్యాయి.

ఆయన అడిగారు, "నీళ్లెట్లున్నయే?"

"తేటగున్నయ్."

రేపటికి తేటపడతాయి కదా. అబద్ధం కాదు. ముందుగా చెప్పడం.

ఏప్రిల్ 8

తేటపడలేదు. చేపలు నాలుగూ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. సేఠ్ తిండి ముట్టలేదు. సేఠ్ తిండి ముట్టలేదు అంటే మార్కెట్ బంద్ అయినట్టే.

మళ్లీ నీళ్లన్నీ మార్చాను, ఇంకా శుభ్రంగా. పసుపు కొమ్ము ఒకటి తెల్లదారానికి కట్టి డబ్బా మెడకు చుట్టాను. కొత్త కుండకు కట్టమా? దిష్టికి.

ఆయనకు చెప్పాలా? చెబితే లేస్తారు. లేస్తే వంగి చూస్తారు. వంగితే కుట్లు. బీపీ కూడా. గోడ మీద రాసింది రెండుసార్లు చదివాను. చెప్పొద్దు.

చుక్కలు మూడుసార్లు.

ఏప్రిల్ 9

సాయిలు పోయాడు.

విజయలక్ష్మీ నేనూ జామచెట్టు కింద పూడ్చాం. "మామయ్యకు చెప్దామా అత్తమ్మా?" అంది. వద్దన్నాను. అద్దాలు రానీ.

పెద్దులు ఒక్కడే ఒక మూలకు నిలబడ్డాడు. నేను వాడి వంక చూడలేకపోయాను.

ఏప్రిల్ 10

రాత్రి నిద్ర లేదు. చేప సాయిలు సరే, మనిషి సాయిలు?

తెల్లారగానే ముకుంద్‌తో అన్నాను, దుకాణంలో సాయిలు ఎట్లా ఉన్నాడని. "ఎట్లుంటడు? బస్తా ఎత్తుతుండు" అన్నాడు. ఒకసారి ఇంటికి పంపమన్నాను. ఎందుకంటే చెప్పలేదు.

సాయిలు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు, ఒళ్లంతా పసుపు. "ఏం పనమ్మా?" అన్నాడు. పని లేదని కూర్చోబెట్టి చల్ల ఇచ్చాను. రొట్టెలు పెట్టాను. జ్వరం ఉందా అని అడిగాను. ఛాతీలో నొప్పి వస్తుందా అని అడిగాను. పాపం, వాడు రొట్టె చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూశాడు.

"అమ్మా, నన్ను పనిల నుంచి తీసేస్తున్రా?"

"తీసేసుడేందిరా!"

"గింత మంచిగ అడిగితే భయమైతది అమ్మా."

ఇంకో రొట్టె పెట్టాను. పోయేటప్పుడు బరువు ఎక్కువ ఎత్తకు అని చెప్పాను. బయట పెద్దులు ఎదురుచూస్తున్నాడు. "ఏమన్నది?" అని అడిగితే, "బరువెత్తకు అన్నదిరా" అన్నాడు సాయిలు. ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు. నవ్వనీ. ఇద్దరూ కలిసి పోయారు కదా.

లోపలినుంచి ఆయన అడిగారు, "సాయిలు ఎందుకొచ్చిండే?" చల్ల తాగడానికి అన్నాను.

పొద్దున హాజరు చెప్పాను. సేఠ్ ఉన్నడు, దలాలి ఉన్నడు, పెద్దులు ఉన్నడు. ఒక్కటి కూడా అబద్ధం కాదు.

ఏప్రిల్ 11

ఇది పెద్దది రాయాలి. చుక్కలు ముందే రాస్తున్నాను, మూడుసార్లు.

సాయంత్రానికి దలాలి కూడా ఒక పక్కకు ఒరిగి ఈదుతున్నాడు. అద్దాలు పెట్టుకున్న రోజు ఆయన ముందు ఖాళీ డబ్బా పెట్టాలా? కళ్లు వచ్చి చూసే మొదటిది అదా? ఇక ఆగలేక కొంగు కప్పుకుని వాహబ్ ఇంటికి పోయాను. అప్పటికే దీపాలు పెట్టారు.

వాహబ్ తల్లి మదీనా, స్టూడియోలో కూర్చుని పీచు తీసిన చింతపండులోంచి గింజలు ఏరుతోంది. వాళ్ల బురదగుంటలో చేపలు పెళ్లివాళ్లలా తిరుగుతున్నాయి. స్పాంజి మనదానికన్నా నల్లగా ఉంది.

"మదీనా, మీ చేపలు ఎట్ల బతుకుతున్నయే గీ మురికిల?" అన్నాను. నాకు ఏడుపొచ్చింది.

"ఏమైంది కాంతమ్మక్కా? ఫిల్టర్ మార్చిన్రా? కడిగిన్రా?"

"కడగలే. ఉడకబెట్టిన."

మదీనా తలుపు పట్టుకుంది. నవ్వు ఆగలేదు. "యా అల్లా! ఉడకబెట్టినవా? ఉప్పుకారం సుత ఏసినవా?" లోపలినుంచి కోడలు సైరా వచ్చింది, ఆమెకూ చెప్పింది, ఇద్దరూ నవ్వారు. నా కళ్లు చూసి మదీనా చప్పున ఆగింది. నా చేయి పట్టి కూర్చోబెట్టింది.

"చూడు అక్కా. చేప తిన్న నీళ్లల్లనే వదుల్తది గద. గది ఇసమైతది. గీ స్పాంజిల మురికి ఉన్నది చూడు, దీంట్ల పానం ఉంటది. మనకు కనపడది. గదే గా ఇసాన్ని తింటది. నేను దీనికి నల్లా నీళ్లు చూపియ్య. గదే డబ్బ నీళ్లు గిన్నెల తీసి, ఒకపారి పిసికి, మళ్ల పెడ్త. పాతదాన్ల పానం కొత్తదాన్లకు పోవాలె, గప్పుడే పాతది తీసెయ్యాలె."

కనపడని ప్రాణం అనేసరికి నాకు మొదట భయమేసింది. తర్వాత తెలిసింది. పెరుగు! పాత పెరుగు చుక్క లేకుండా పాలు పెరుగెట్లా అవుతాయి? నేను పెరుగు గిన్నె పొయ్యి మీద ఉడకబెట్టి, పాలు విరిగాయని ఏడుస్తున్నాను. ఆయన రెండూ కలిపి నడపాలని చెప్పింది ఇందుకు.

"జరంత తోడు ఇయ్యి మదీనా" అన్నాను.

మదీనా నడుం మీద చేయి పెట్టుకుంది. "గిప్పుడా? దీపం పెట్టినంక తోడు ఇయ్యరంటవు గద నువ్వు. మొన్న మా సైరా పెరుగు తోడుకొస్తే, పొద్దుగాల రా బిడ్డా అని ఉత్త గిన్నెతోటి పంపినవ్."

సైరా తల వంచుకుని నవ్వుతోంది. నిజమే, పంపాను. దీపం పెట్టాక తోడిస్తే ఇంట్లో పాడి పోతుందని మా అత్త చెప్పేది. నేను లేచాను. పొద్దున వస్తానన్నాను. పొద్దున దాకా దలాలి ఉంటాడా అని కూడా అన్నానేమో.

"అరె కూసో! మస్కిరి చేసిన, గంతే." మదీనా చింతపండు చేతులు తుడుచుకుని, కౌంటర్ మీది కత్తెర తీసి, నీళ్లలోంచి స్పాంజి తీసి సగానికి కోసింది.

"అమ్మీ! గది ఫోటోలు కోసే కత్తెర!" చీకటిగదిలోంచి వాహబ్ అరిచాడు.

"ఫోటోలకు పానం లేదు, చేపలకున్నది. చుప్ ఉండు."

ఆ సగం ముక్కను వాళ్ల డబ్బా నీళ్లతోనే గిన్నెలో వేసి ఇచ్చింది. ఎండనియ్యకు అంది. నీళ్లన్నీ ఒక్కసారే మార్చకు, రోజూ జరన్ని తియ్యి, నల్లా నీళ్లు ఒక రాత్రి గంగాళంలో నిల్వబెట్టి పొయ్యి అంది. తిండి సగం తగ్గించు అంది. నేను గిన్నె మీద కొంగు కప్పుకుని దాటాను, అచ్చం తోడు తెచ్చుకున్నట్టే.

ఆయనకు గిన్నె చప్పుడు వినిపించింది. "ఏం తెచ్చినవే?"

"మదీనా దగ్గర తోడు."

"మనింట్ల పెరుగు లేదా?"

"ఇది మంచిగ తోడుకుంటది."

ఏప్రిల్ 12

దలాలి ఇంకా ఒరిగే ఉన్నాడు. కానీ ఉన్నాడు.

ఏప్రిల్ 14

నిన్న చుక్కలు వేశానా? రాయలేదు. విజయలక్ష్మి వేశానంటోంది.

నీళ్లు ఇంకా పాలే. మదీనా వచ్చి చూసింది. పసుపు కొమ్ము చూసింది కానీ ఏమీ అనలేదు. "టైం పడ్తది అక్కా, పెరుగు సుత ఒక్క గడియల తోడుకోదు గద" అంది. నాకు నా మాటే తిప్పి చెబుతోంది. బాగుంది.

ఏప్రిల్ 17

సేఠ్ తిన్నాడు. సగమే పెట్టాను. మిగతా సగం కోసం నా వేలు పట్టుకున్నంత పని చేశాడు. పోట్లాడేంత ఓపిక వచ్చిందంటే ఇక భయం లేదు. లేదనే అనుకుంటున్నాను.

ఏప్రిల్ 22

తేట. నిజంగా తేట. గోడకు ఆనుకున్న గులకరాయి కూడా కనపడుతోంది. దలాలి నిటారుగా తిరుగుతూ పెద్దులు తిండిలో దూరుతున్నాడు. కొత్త స్పాంజి మీద చిన్నగా మురికి పడుతోంది. ఎంత ముద్దుగా ఉందో. ఇది చూసి ముద్దుగా ఉందనుకునే రోజు వస్తుందని ఎవరన్నా చెబితే నమ్మేదాన్ని కాదు.

ఆయన అడిగారు, నీళ్లెట్లున్నయే అని. తేటగున్నయ్ అన్నాను. ఈసారి గొంతు పెద్దగా వచ్చిందట.

చుక్కలు రెండుసార్లే. డాక్టర్ తగ్గించాడు. తగ్గించాడా, నేనే మరిచానా? తగ్గించాడు, చీటీ ఉంది.

ఏప్రిల్ 29

రేపు అద్దాలు వస్తాయి. సాయిలు సంగతి రేపు పొద్దున ముందే చెప్పేయాలి. చూసి తెలుసుకునే కన్నా విని తెలుసుకోవడం మంచిది. ఏమని మొదలుపెట్టాలి?

ఏప్రిల్ 30

చెప్పలేదు. పొద్దున పని తెమలలేదు.

ముకుంద్ అద్దాలు తెచ్చాడు. సోడాబుడ్డి అడుగంత మందం. పెట్టుకోగానే ఆయన కళ్లు ఇంతింత అయ్యాయి, సేఠ్ కళ్లలాగే. కుర్చీ లాక్కుని డబ్బా ముందు కూర్చున్నారు. నేను వంటింటి తలుపు దగ్గరే నిలబడ్డాను. ఆయన చాలాసేపు చూశారు.

"సేఠ్ సన్నబడ్డడు."

"మదీనా సగమే పెట్టుమన్నది" అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను.

"గీ పసుపు కొమ్మేందే దారానికి? ఎవరికి పెండ్లి చేసినవ్, సేఠ్‌కా దలాలికా?"

విజయలక్ష్మి లోపల్నుంచి పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. వచ్చి కుర్చీ పక్కన నిలబడ్డాను.

"ఏమండీ. సాయిలు..."

"నాకెర్కే" అన్నారు.

"ఎట్ల ఎర్క?"

"ఉగాది దాటినంక ఒకనాడు హాజర్ల సాయిలు పేరు రాలే. తెల్లారి సుత రాలే. నువ్వు అబద్ధం ఆడలే, పేరు మింగినవ్. గా దినమే మనిషి సాయిలును పిలిచి చల్ల పోసినవ్. గంత తెల్వదా నాకు?"

"మరి అడగకపోయిన్రు?"

"ఎందుకడుగుదు? నా కన్ను పాడైతదని నువ్వు చెప్పకపోతివి. నేను అడిగితే, నాకు బీపీ పెరిగెనా అని నువ్వు ఇంకొకటి పెట్టుకుందువు. ఉన్న ఫికర్లు సాలవా నీకు?"

నేను కింద కూర్చున్నాను. ఇన్ని రోజులూ ఆయన తెలిసి "హా" అన్నారన్న మాట, మూడు పేర్లకూ. పక్కన మంచం మీద కూర్చుని, నాలుగో పేరు కోసం ఎదురుచూడకుండా.

"అయితే ఉడకబెట్టిన సంగతి సుత ఎర్కేనా?" అన్నాను.

ఆయన అద్దాలు నా వైపు తిరిగాయి. "ఏం ఉడకబెట్టినవ్?"

"స్పాంజి. రాగిగిన్నెల."

"ఉడకబెట్టినవా!"

ఇక ఆయన నవ్వు చూడాలి. కుర్చీ ఊగింది. అద్దాలు ముక్కు మీదికి జారాయి. "పసుపులెక్క! ఎండబోసినవా? మార్కెట్‌ల అమ్మకపోయినవానే, సాంగ్లీ సేఠ్ కొంటుండె!" ముకుంద్ నవ్వుతున్నాడు, విజయలక్ష్మి నవ్వుతోంది. నేను ఒక్కదాన్నే లేచి ఆయన తల రెండు చేతులా పట్టుకున్నాను, "నవ్వకండ్రి, కుట్లు! కుట్లు!" అని.

సేఠ్, దలాలి, పెద్దులు అద్దం దగ్గరికి వచ్చి మా అందరినీ చూస్తున్నాయి, తిండి వేస్తామేమోనని.

మే 2

ఆయన ఇంకో ఎర్ర చేప తెస్తానంటున్నారు, పెద్దులుకు తోడు. తెచ్చుకోమన్నాను. పేరు మాత్రం నేను పెడతాను. బతికున్నవాళ్ల పేరు వద్దు.

మే 5

నిన్న దీపం పెట్టాక సైరా గిన్నె పట్టుకుని వచ్చింది. పెరుగుకు తోడు కావాలట. గడప బయటే ఆగి, "పొద్దుగాల రావాల్నా పెద్దమ్మా?" అంది.

లోపలికి రమ్మన్నాను. గరిటెడు వేసి ఇచ్చాను.

పొద్దున లేవగానే ముందు మన గిన్నె మూత తీసి చూశాను. గడ్డలాగా తోడుకుంది. జరసేపాగి మళ్లీ చూశాను. తోడుకునే ఉంది.